మడిచిన చెయ్యి

కాదు, ఎదురుగా నిలబడితే అక్క ఎడమచెయ్యి తన కుడివైపుకి వస్తుంది, కాబట్టి కట్టుకోవలసింది కుడిచెయ్యి కాదు, ఎడమచెయ్యి. అంటే ఇంతసేపూ తాను పడ్డ అవస్థ ఎవరి అవస్థో గాని, అక్కది మాత్రం కాదు. కటింగ్ మాస్టర్ అద్దం ముందు నిలబడి, కొలతల టేపుతో నడుముకి బిగించుకున్న తన కుడిచేతిని చూసుకున్నాడు. ఒంటిచేత్తో చొక్కా తొడుక్కోవడం ఎలా ఉంటుందో తెలుసుకుందామని మొదలుపెట్టాడు. రెండు బొత్తాలు పట్టాయి, రెండూ పక్క కాజాల్లో. ఇంతా చేసి, కట్టుకున్నది తప్పు చెయ్యి. కానీ అద్దంలో ఉన్నవాడికి కట్టేసి ఉన్నది ఎడమచెయ్యే. అంటే అద్దంలో ఉన్నవాడు సరిగ్గానే చేశాడు, తానే పొరబడ్డాడు. ఇద్దరూ ఒకే పని చేస్తే ఒకడిది ఒప్పూ, ఒకడిది తప్పూ ఎలా అవుతుంది?

ఇలాంటి ప్రశ్న ఒకటి పట్టుకుంటే అతనికి పొద్దు గడిచిపోతుంది. టేపు విప్పుకున్నాడు. చెయ్యి తిమ్మిరెక్కి ఉంది. వేళ్ళు విదిలించాడు. తిమ్మిరి దిగుతున్నప్పుడు ఆ చెయ్యి ఉన్నట్టూ, లేనట్టూ, ఎక్కడో దూరంగా ఇంకొకరికి ఉన్నట్టూ అనిపించింది. అక్కకి ఇలాగే ఉంటుందా? అడగలేదు. ఆపరేషన్ అయినప్పటినుంచి ఆసుపత్రికి వెళుతూనే ఉన్నాడు, వెళ్ళిన ప్రతిసారీ మంచానికి కుడివైపున్న స్టూలు మీద కూర్చుంటూనే ఉన్నాడు. ఎడమవైపు కూడా ఒక స్టూలు ఉంది. దాని మీద ఫ్లాస్కు పెట్టారు. ఫ్లాస్కు ఉంది కాబట్టి తాను అక్కడ కూర్చోవడం లేదా, తాను కూర్చోడని తెలిసే అక్కడ ఫ్లాస్కు పెట్టారా అన్నది ఎంత ఆలోచించినా తేలలేదు.

అక్క ఎడమచేతి ఎముకలో గడ్డ. మోచేతికి పైన. చెయ్యి తీసెయ్యకపోతే మనిషి దక్కదన్నారు డాక్టర్లు. తీసేశారు, మనిషి దక్కింది. ఇంతవరకూ ఎవరికైనా చెప్పడానికి సులువుగానే ఉంది. చాలామందికి చెప్పాడు కూడా. ఇంటి యజమానికి చెప్పాడు, దుకాణంలో చెప్పాడు, బస్సులో పక్కన కూర్చున్న ఎవరికో చెప్పాడు. చెప్పవలసిన ఒక్కరికే చెప్పలేదు.

ఆ ఒక్కరూ అక్క కూతురు. దొరికిందల్లా ఏ మూలో దాచిపెట్టుకునే పిల్ల కాబట్టి ఇంటిల్లిపాదీ ఉడుత అంటారు. బావ ఆసుపత్రిలోనే పడుకుంటున్నాడు గనుక ఉడుత ఇన్నాళ్ళూ మేనమామ గదిలోనే ఉంటోంది. “అమ్మ చేతికి దెబ్బ తగిలింది, బాగుచేస్తున్నారు” అని మొదటిరోజు అతనే చెప్పాడు. మిగతాది కూడా అతనే చెప్పాలని బావ తీర్మానించాడు. “నేనైతే చెప్పలేక ఏడ్చేస్తానయ్యా బామ్మర్దీ. నువ్వు నెమ్మదస్తుడివి, నెమ్మదిగా చెప్తావు” అన్నాడు. నెమ్మది అంటే ఇంత నెమ్మదని బావ అనుకుని ఉండడు. ఎల్లుండి అక్కని ఇంటికి పంపిస్తున్నారు.

మంచం మీద అట్టపెట్టె మూత తీసి ఉంది. బడికి పోతూ ఉడుత అలాగే వదిలేసి పోయింది. అందులో ఆ పిల్ల బొమ్మలున్నాయి.

అవి మొదలైంది కూడా అతనివల్లే. వచ్చిన సాయంత్రం పిల్ల ముఖం వేలాడేసుకుని కూర్చుంటే, ఏం మాట్లాడాలో తోచక, దుకాణంనుంచి తెచ్చుకున్న చొక్కా అట్ట ఒకటి ముందేసుకున్నాడు. కొత్త చొక్కా మడత నిలబడటానికి లోపల పెడతారే, ఆ అట్ట.

“బొమ్మ చేద్దామా?” అన్నాడు.

“ఎవరి బొమ్మ?”

“నీకెవరిది కావాలంటే వాళ్ళది.”

“అమ్మది.”

అడగకుండా ఉండవలసింది అనుకున్నాడు. అట్ట మడిస్తే విరుగుతుంది కాబట్టి ముందు ఒక కాగితం మడిచి, మడత మీద సగం మనిషిని గీశాడు. సగం తల, సగం మెడ, ఒక భుజం, ఒక చెయ్యి, ఒక కాలు.

“సగమే గీశావేంటి మామయ్యా? మిగతా సగం రాదా నీకు?”

“మిగతా సగం దానంతటదే వస్తుంది, చూస్తుండు.”

కత్తిరించి మడత విప్పితే నిండు మనిషి లేచి నిలబడింది. ఉడుత నోరు తెరిచేసింది. ఆ కాగితాన్ని అట్ట మీద పెట్టి చుట్టూ గీసి, పెద్ద కత్తెరతో అతనే కత్తిరించాడు. కళ్ళూ ముక్కూ ఉడుత గీసింది.

నిజానికి అతని బతుకంతా ఆ మడతలోనే ఉంది. దుకాణంలో గుడ్డని అంచుకి అంచు కలిపి రెండు పొరలుగా మడుస్తాడు. పైపొర మీద సుద్దతో ఒకవైపు గీస్తాడు. కత్తెర ఒక్కసారి నడిస్తే రెండువైపులూ తెగుతాయి. అంటే ఇన్నేళ్ళుగా అతను మనుషుల్లో సగాన్నే కొలిచాడు. ఎడమభుజం ఎంతని ఎవర్నీ అడగలేదు. కుడిది ఎంతో ఎడమదీ అంతే. నిజంగా అంతేనా అన్న అనుమానం ఒకటి రెండుసార్లు వచ్చింది, కానీ చొక్కా వెనక్కి తెచ్చినవాళ్ళెవరూ లేరు.

కత్తెర పట్టడం నేర్పింది అక్క. ఆమెది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు ఇద్దరూ నేల మీద ఎదురెదురుగా కూర్చుని పాత క్యాలెండరు కాగితాల్లోంచి బొమ్మలు కత్తిరించేవారు. ఆమె ఎడమచేత్తో కత్తిరిస్తుంటే, అతను అద్దంలోకి చూసినట్టు చూసి కుడిచేత్తో అలాగే చేసేవాడు. ఎడమచేతివాటం వాళ్ళ దగ్గర పని నేర్చుకోవడం కష్టమంటారు. అతనికి ఆ కష్టం తెలియలేదు. ఎదురుగా ఏముందో చూడటం, చూసింది చెయ్యడం, అంతే పని. ఆ చూడటమే ఇప్పుడు ఎందుకు చేతకావడం లేదో అర్థం కావడం లేదు.

ఉడుతకి మాత్రం పని తొందరగా పట్టుబడింది. బొమ్మ మీద కాగితం పెట్టి గీసి, గౌను కత్తిరించి, భుజాల దగ్గరా నడుము దగ్గరా చిన్న చిన్న ముక్కలు అదనంగా వదిలిపెడితే, వాటిని వెనక్కి మడిచినప్పుడు గౌను బొమ్మని పట్టుకుని నిలబడుతుంది. ఆ ముక్కలకి చెవులని పేరు పెట్టింది. మొదటి గౌనుకి అతను అలవాటు కొద్దీ చుట్టూరా కుట్టుకి జాగా వదిలేశాడు. “అమ్మ గుడారంలో దూరినట్టుంది” అని ఉడుత పడీ పడీ నవ్వింది. ఆ తర్వాత అమ్మకి ఒక కోటు, ఒక గొడుగు, చెయ్యి దూరేట్టు చీలిక పెట్టిన సంచీ, తల దూరేట్టు చీలిక పెట్టిన టోపీ, ముక్కు మీద ఎంతకీ నిలవని కళ్ళజోడు తయారయ్యాయి. నాన్న బొమ్మకి పొట్ట ఆ పిల్లే గీసింది. మామయ్య బొమ్మ మెడలో కొలతల టేపు అంటించేసింది. మిగతావన్నీ తీసి పెట్టుకునేవే, టేపు మాత్రం ఊడదు.

“అదేంటే, నేను నిద్రపోవద్దా?”

“నిద్రలో కూడా ఉంటుందిగా నీకు” అంది.

ఇప్పుడు పెట్టెలోకి తొంగిచూస్తే అమ్మబొమ్మ చెయ్యి ఒకటి విరిగి వెనక్కి పడి ఉంది. అయ్యో అనుకున్నాడు. ఏ చెయ్యి అన్నది అతను చూడలేదు. అట్ట విరిగింది, అంతవరకే చూశాడు. కింద మూడు కొత్త గౌన్లు ఉన్నాయి, ఉడుత ఒక్కత్తీ కూర్చుని చేసినవి. వాటిని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూశాడు. మూడింటికీ ఒకటే జబ్బు. ఒకవైపు చెయ్యి సరిగ్గా ఉంది, రెండోవైపు లేదు. ఒకదానికి రెండో చెయ్యి మడిచి జేబులోకి దోపినట్టుంది. ఒకదానికి భుజం దగ్గరే ఆగిపోయింది. మూడోదానికి చెయ్యి పొట్టిగా ఉండి, ఆ పొట్టి చేతి చివర, ఉండకూడని చోట, ఒక చెవి ఉంది.

కింది పొర జారింది, అనుకున్నాడు. కొత్తగా కత్తెర పట్టినవాళ్ళకి జరిగేదే. మడత గట్టిగా అదిమిపట్టకపోతే కింది పొర జారిపోయి, పైన ఒకలా కింద ఒకలా తెగుతుంది. పిల్ల చిన్న వేళ్ళకి మడత ఆగి ఉండదు.

జిగురు సీసా తీశాడు. బొమ్మ చేతిని సాపుచేసి, వెనకవైపు సన్నటి అట్టముక్క అంటించి, ఆరేదాకా పుస్తకం కింద పెట్టాడు. మూడు గౌన్లకీ రెండో చెయ్యి కొలిచి కత్తిరించి అతికించాడు. అతుకు కనపడకుండా అతికించడం అతనికో సరదా. పొట్టి చేతి చివరున్న ఆ దారితప్పిన చెవిని కత్తిరించి పారేశాడు. అన్నీ వరసగా పెట్టెలో సర్దిన తర్వాత, చాలా రోజులకి ఒక వస్తువైనా తన చేతిమీదుగా బాగుపడిందని మనసు కాస్త తేలికైంది. ఆ తేలిక ఎందుకో అనుమానంగా కూడా అనిపించింది. కానీ దుకాణానికి ఆలస్యమవుతోంది.

దుకాణంలో అతని బల్ల మీద ఒక ఆకుపచ్చ గుడ్డ ఉంది. మెత్తటి నూలు, చిన్న తెల్ల చుక్కలు. అంచుకి అంచు కలిపి మడిచి పెట్టింది పెట్టినట్టే ఉంది. దాన్ని పక్కకి జరిపి మిగతావాళ్ళ బట్టలు కత్తిరించడం, పని అయ్యాక మళ్ళీ దాన్ని మధ్యకి లాగడం, ఇదే జరుగుతోంది.

“ఏం మాస్టరూ, ఆ పచ్చగుడ్డని పొదుగుతున్నావా? పిల్లలు ఎంతకీ లేవడం లేదే!” అన్నాడు కాజాల తాత. కాజాలు కుట్టడం, బొత్తాలు పెట్టడం ఆయన పని, పక్కవాళ్ళ బల్లల మీద ఏముందో చూడటం ఆయన కాలక్షేపం. మిషన్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

“తొందరేం లేదు తాతా.”

“నీకు లేదయ్యా. తొడుక్కునేవాళ్ళకి ఉంటుంది.”

తొడుక్కునేది అక్క. “ఒరే తమ్ముడూ, ఇంటికొచ్చే రోజుకి నాకో గౌను కుట్టు. పాతవేవీ వద్దు నాకు” అంది ఆమధ్య ఆసుపత్రిలో, కుడివైపు స్టూలు మీద అతను కూర్చుని ఉండగా.

“ఎలా కుట్టమంటావక్కా?”

“కుట్టేవాడివి నువ్వు. నన్నడుగుతావేంట్రా?”

ఆమె అతని ముఖంలోకే చూసింది. అతను ఫ్లాస్కు వైపు చూశాడు. బయట వరండాలో బావని అడిగాడు. “నాకేం తెలుసయ్యా? నా ప్యాంటు సైజు ఎంతో కూడా మీ అక్కే చెప్పాలి. తననే అడుగు” అన్నాడు బావ. “అడిగాను. నన్నే చెప్పమంటోంది.” “అయితే మరి చెప్పు!” బావకి అది చాలా తేలిగ్గా తేలిపోయిన విషయంలా కనిపించింది.

చెప్పడానికి ఏముంది? రెండు చేతులూ నిండుగా కుట్టి, ఎడమది మడిచి పిన్ను పెట్టుకోమంటే, దూరంనుంచి చూసేవాళ్ళకి ఏమీ తెలియదు. అంటే అక్కా, దాచుకో అని తాను చెప్పినట్టు. చెయ్యి ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకానే కుడితే వీధిలో ప్రతివాడూ చూస్తాడు. అంటే అక్కా, చూపించుకో అని చెప్పినట్టు. తాను ఏది చెప్పదలుచుకున్నాడు? అసలు చెప్పడానికి తనెవరు? అక్క ఏది విందామనుకుంటోంది? పోనీ ఆమెకి దాచుకోవాలని ఉండి, తాను పొట్టిగా కుట్టాడనుకో. ఆమెకి దాచుకోవాలని లేక, తాను నిండుగా కుట్టాడనుకో. ఈ రెండో తప్పు మొదటిదానికంటే పెద్దదా చిన్నదా? ఆలోచన ఇక్కడికి రాగానే గుండ్రంగా తిరిగి మొదటికొస్తుంది. దాచుకోవాలనుకునేది అక్క కాదేమో, తానేనేమో అన్న మాట ఆ గుండ్రంలో ఎక్కడో ఒకచోట తగులుతుంది. అక్కడ అతను నడక వేగం పెంచి దాటిపోతాడు.

పెద్ద కత్తెర తీశాడు. రెండు పొరలనీ వేళ్ళతో అదిమాడు. మడత మీద కత్తిరిస్తే ఎప్పుడూ రెండు చేతులే వస్తాయి. కత్తెర కిందపెట్టి ఎవరిదో కోటు అందుకున్నాడు.

సాయంత్రం గదికి వచ్చేసరికి తలుపు తీసే ఉంది. ఉడుత మెడలో తాళంచెవి దారంతో కట్టి ఉంటుంది, బడినుంచి వచ్చి తనే తీసుకుంటుంది. మామూలుగా మెట్ల మీద అతని చప్పుడు వినగానే ఎదురొచ్చేది. ఇవాళ రాలేదు. బల్లకింద గోడకి ఆనుకుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

“ఏంటే ఉడుతా, తొర్రలో దూరావ్?”

అతను చెప్పులు విడిచి, నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి వంగి చూశాడు.

“నా పెట్టె ఎవరు ముట్టుకున్నారు?”

“నేనే. అమ్మబొమ్మ చెయ్యి విరిగితే అతికించాను. గౌన్లు కూడా సరిచేశాను. బాగున్నాయి కదూ?”

“విరగలేదు. నేనే మడిచాను.”

“ఎందుకు మడిచావు?”

ఉడుత అతనివైపు ఒక చూపు చూసింది. పెద్దవాళ్ళు పిల్లల అబద్ధం పట్టుకున్నప్పుడు, పోనీలే అనుకుంటూ చూసే చూపు అది. తనలో ఏ అబద్ధాన్ని పట్టుకుందో అతనికి ముందు తట్టలేదు.

“కత్తిరించేద్దామనుకున్నా. అట్ట మందంగా ఉంది, నా కత్తెరకి తెగలేదు. అందుకే మడిచా. నువ్వేమో జిగురు పెట్టేశావు.”

అతను నేల మీద కూలబడ్డాడు. బల్లకింద ఆ పిల్లా, బయట తనూ, మధ్యలో బల్లకాలు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అన్నిటికంటే పనికిమాలిన ప్రశ్నే నోటికొచ్చింది.

“ఏ చెయ్యి?”

“ఎడమది. నీకు తెలీదా?”

“తెలుసు… నీకెవరు చెప్పారు?”

“అమ్మే. ఫోన్‌లో. ఎప్పుడో చెప్పేసింది.”

“మరి నాతో అనలేదేం?”

“అనొద్దంది. మామయ్య తనంతట తను చెప్పేదాకా నీకు తెలీనట్టే ఉండు, వాడికి కాస్త ధైర్యం చాలదు అంది. నేను రోజూ అడుగుతూనే ఉన్నా కదా, అమ్మ ఎలా ఉందీ అమ్మ ఎలా ఉందీ అని. నువ్వేమో కూర చల్లారిపోతోంది తిను అంటావు. నోరు మూసుకుని మూసుకుని నోరు నొప్పెట్టింది నాకు.”

అతనికి ఒకేసారి నవ్వూ, ఇంకేదో కూడా వచ్చాయి. ఇన్నాళ్ళూ ఆ పిల్లకి తెలియకుండా కాపాడుతున్నానని తాను అనుకుంటుంటే, తనకి తెలియకుండా ఆ పిల్ల కాపాడుతోంది. అన్నాలు తినే ప్రతిపూటా ఎదురుగా కూర్చుని, ఇప్పుడు చెప్తాడేమో, ఇప్పుడు చెప్తాడేమో అని చూసిందన్నమాట. ఎవరు ఎవరికి కాపలా? ఎవరికి ఎవరు నెమ్మదిగా చెప్పాలి? అమ్మ ఎలా ఉంది అని అడిగినప్పుడల్లా ఆ గొంతులో ఏముందో ఇప్పుడు గుర్తుతెచ్చుకోబోతే, తన సొంత జవాబే గుర్తొస్తోంది గాని, ఆ గొంతు గుర్తుకు రావడం లేదు. విన్నాడా అసలు?

ఉడుత బల్లకిందనుంచి పాక్కుంటూ వచ్చింది. గౌన్లు మూడూ నేల మీద పరిచింది. కోపం తగ్గలేదు గాని, పని గురించి మాట్లాడాలి కాబట్టి మాట్లాడుతున్న మనిషిలా ఉంది.

“ఇది చెయ్యి జేబులో పెట్టుకునేది. సంచీ పట్టుకుంటే బాగోదు, తీసెయ్యాలి. ఇది అసలు చెయ్యే లేనిది, ఎండాకాలానికి. ఇది పొట్టిది. ఇదే నాకిష్టం.” దాన్ని తిప్పి చూసింది. “దీని చెవి ఏది?”

“తీసేశాను. అక్కడ చెవి అక్కర్లేదు కదే, గౌనుని పట్టుకోడానికి భుజాల మీద ఉన్నాయిగా.”

“అది పట్టుకునే చెవి కాదు మామయ్యా. మూత.”

“మూతా?”

“కిందనుంచి గాలి పోకుండా. అమ్మకి అక్కడ చలేస్తుందంట. ఎంత కప్పుకున్నా చలే అంట. దుప్పటి జారిపోతుందంట, పట్టుకుందామంటే ఆ పక్క చెయ్యి లేదుగా.”

చలి. ఆ మాట అతను ఆ గదిలో మొదటిసారి విన్నట్టు విన్నాడు. దాచుకోవడం, చూపించుకోవడం, వీధిలో వాళ్ళు, దూరంనుంచి చూసేవాళ్ళు, ఇంతమంది గురించి ఆలోచించాడు. అక్కకి చలేస్తుందేమో అన్న ఆలోచన రాలేదు. చలి అన్నది తన పనికి సంబంధించిన మాట. రోజూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, మెడ దగ్గర చలేస్తోంది మాస్టరూ, నడుము దగ్గర గాలి పోతోంది మాస్టరూ అని. దానికి ఏం చెయ్యాలో అతనికి తెలుసు. అది తెలిసినందుకు ఊపిరి తిరిగినట్టూ అయింది, ఇంతకాలం తెలియనందుకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టూ అయింది. రెండిట్లో ఏది ఎక్కువో విడదీయలేకపోయాడు.

“చెవి మళ్ళీ పెడదాం” అన్నాడు.

“ముందు చెయ్యి ఊడదియ్యి.”

తడిగుడ్డతో జిగురు నానబెట్టి, బొమ్మ చేతి వెనకనుంచి అట్టముక్క మెల్లిగా లాగాడు. ఎంత మెల్లిగా లాగినా, దాంతోపాటు పైపొర కాస్త చిరిగి లేచింది. అతను గభాల్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“పర్లేదులే” అంది ఉడుత, ఊదుతూ. “అమ్మకి కూడా కుట్లున్నాయంట అక్కడ.”

చెయ్యి మళ్ళీ వెనక్కి మడిచింది. పొట్టి చేతి గౌనుకి అతను అతికించిన ముక్క తీసేసి, చివర కొత్త చెవి పెట్టాడు, ఈసారి కాస్త వెడల్పుగా, లోపలికి మడత పడేట్టు. గౌను తొడిగారు. సంచీ కుడిచేతికి మార్చారు. బొమ్మ నిలబడింది. ఒకవైపు ఒరిగిపోతుందేమో అనుకున్నాడు, ఒరగలేదు. ఇది అమ్మేనా అని ఎవరైనా అడిగితే తాను ఏమనేవాడో తెలియదు. ఉడుత అడగలేదు. కళ్ళజోడు పెట్టే ప్రయత్నంలో ఉంది.

మర్నాడు దుకాణంలో ఆకుపచ్చ గుడ్డని మధ్యకి లాగి, మడత విప్పేశాడు. ఒంటిపొరగా పరిస్తే బల్ల చాలలేదు, అంచు కిందికి వేలాడింది.

“ఇదేంటి మాస్టరూ, మతిగాని పోయిందా? మడత విప్పి కత్తిరిస్తావా?” అన్నాడు కాజాల తాత కళ్ళజోడు పైకెత్తి.

“అవును తాతా.”

“రెండు రెట్లు పని కదయ్యా!”

“అవును.”

కుడివైపు గీతలన్నీ చెయ్యి దానంతట అదే గీసింది. అక్క కొలతలు అతనికి చూసుకోనక్కర్లేదు. ఎడమవైపుకి వచ్చాక గుడ్డని అటూ ఇటూ రెండుసార్లు తిప్పి చూసి, ఎడమ ఎక్కడ పడుతుందో తేల్చుకుని అక్కడ సుద్దతో గుర్తు పెట్టాడు. అయినా నమ్మకం చాలక, తాను గౌను తొడుక్కున్నట్టు బల్లకి వీపు పెట్టి నిలబడి మళ్ళీ చూసుకున్నాడు. ఎడమే. మెడ గీశాడు, భుజం గీశాడు, చంక తిప్పాడు, చేతిగుడ్డ విడిగా పరిచి కిందికి గీత లాగుతూ పోయాడు. ఎక్కడ ఆపాలి? సుద్ద గుడ్డ మీద ఆగిపోయింది. కుడివైపునుంచి తెచ్చుకుందామంటే అక్కడ ఆ కొలత లేదు. ఈ ఒక్క వైపుకీ రెండో వైపు సాయం చెయ్యదు.

టేపు మెడలోనే ఉంది. సుద్ద జేబులో వేసుకుని బయల్దేరాడు.

ఉడుతని బడినుంచి తీసుకుని ఆసుపత్రికి చేరేసరికి చూడనిచ్చే సమయం మొదలైంది. పిల్లల్ని వార్డులోకి పోనివ్వరు. తలుపు బయట బెంచీ మీద బావ కూర్చుని ఉన్నాడు.

“ఏమయ్యా మాస్టరూ, గౌనేది? మీ అక్క పొద్దున్నుంచీ నా ప్రాణం తోడేస్తోంది.”

“సగమైంది బావా.”

“ఇదిగో నాన్నా, నీ పొట్ట” అంటూ ఉడుత పెట్టె తెరిచి బావ పక్కన ఎక్కి కూర్చుంది. అతను లోపలికి వెళ్ళాడు.

అక్క దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. దుప్పటి ఎడమవైపు భుజం మీదుగా లాగి, కుడిచేత్తో పట్టుకుని ఉంది. ఇన్నిసార్లు వచ్చాడు, ఎప్పుడు వచ్చినా ఆ చెయ్యి అక్కడే ఉండేది. అలవాటుగా కుడివైపు స్టూలు మీద కూర్చున్నాడు.

“ఉత్తచేతుల్తో వచ్చావేంట్రా?”

“కొలత కావాలక్కా.”

“నా కొలతలు నీకు తెలీవా? నిద్రలో లేపినా చెప్తావుగా.”

“ఒకటి తెలీదు.”

పక్కమంచం ఆవిడ గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

“ఉడుత చెప్పేసిందా?” అంది అక్క చివరికి.

“దాని నోరు నొప్పెట్టిందట.”

అక్క నవ్వింది. నవ్వితే దుప్పటి జారింది. అందుకోబోయి ఆగింది. ఆగి అతనివైపు చూసింది. ఆమె చూపులో ఏముందో అతనికి తెలియలేదు. అడుగుతోందా, వద్దంటోందా, పరీక్ష పెడుతోందా, ఏదీ కాదేమో, ఊరికే చలేస్తోందేమో. చిన్నప్పుడు నేల మీద ఎదురుగా కూర్చున్నప్పుడు కూడా ఆ ముఖంలో ఏముందో అతను చదవలేదు. చేతిని చూసేవాడు.

లేచాడు. మంచం కాళ్ళవైపునుంచి చుట్టూ తిరిగి వెళ్ళాడు. ఫ్లాస్కు తీసి కిటికీలో పెట్టాడు. స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. మెడలోంచి టేపు తీశాడు.

“నీ చేతులు మంచులా ఉంటాయిరా, జాగ్రత్త” అంది అక్క.

అతను రెండు అరచేతులూ వెచ్చబడేదాకా రుద్దుకుని, టేపు కొసని ఆమె ఎడమభుజం మీద ఆనించాడు.